నాన్న పేరున కొత్తగా ఏదన్నా పెట్టాలా, నడుస్తున్నదానికి ఇవ్వాలా?

రాజోలు_శీను (ఆదివారం రాత్రి 9:40)

అందరికీ నమస్కారమండి. ఇక్కడ చదవడమే తప్ప ఎప్పుడూ రాయలేదు, ఇవాళ రాయాల్సొచ్చింది. మా నాన్నగారు పోయి ఐదో రోజు. డెబ్బై నాలుగేళ్ళు, మంచాన పడకుండా వెళ్ళిపోయేరు, అదొక్కటే తృప్తి. పెద్దకర్మ లోపు తేల్చుకోవాల్సిన విషయం ఒకటుందండి. ఆయన పేరున ఏదన్నా చెయ్యాలని అన్నయ్యా నేనూ కలిపి నాలుగు లక్షలు అనుకున్నాం. అన్నయ్య డల్లాస్ నుంచి వచ్చేడు, వాటర్ ప్లాంటు పెట్టి పంచాయతీ ఆఫీసు పక్కన పాలరాయి ఫలకం వేయిద్దాం అంటాడు. అమ్మకి అన్నదానం మీద ఉంది.

నా మనసులో వేరే ఉంది. మా పెద్దమ్మ కూతురు, అంటే నాకు అక్క, దాని కొడుకు 2019 వేసవిలో గోదాట్లో మునిగిపోయేడు. పన్నెండేళ్ళు. తర్వాత అక్కా బావా వాడి పేరున చిన్న ట్రస్టు పెట్టి పిల్లలకి ఈత నేర్పిస్తున్నారు, నాలుగు రేవుల్లో తాళ్ళు, లారీ ట్యూబులు కట్టించేరు. మొదటేడు జనం బాగా ఇచ్చేరు, నాయకులొచ్చి ట్యూబు పట్టుకుని ఫొటోలు దిగేరు. పోయిన వేసవికి వచ్చింది ముగ్గురి డబ్బులే, మిగతాది బావ కొబ్బరికాయల డబ్బులోంచి పెట్టుకున్నాడు. అక్క నోరు తెరిచి అడగదు. కొడుకు ఫొటో చూపించి అడుక్కున్నట్టుంటదిరా అంటది.

ఆ నాలుగు లక్షలూ అక్కకి ఇచ్చేద్దామంటే అన్నయ్య ఒకటే అడిగేడు, మరి అది నాన్న పేరున అవుద్దా వాడి పేరున అవుద్దా అని. నాకు జవాబు తట్టలేదండి.

భీమవరం_బుల్లబ్బాయి (ఆదివారం రాత్రి 10:15)

అయ్యో శీనుగారూ, నాన్నగారి ఆత్మకి శాంతి కలగాలండి.

వాటర్ ప్లాంటు మాట వచ్చింది కాబట్టి మా ఇంటి సంగతే చెప్తా. మా తాతగారు పోయాక 2014లో మేం పెట్టించేం. మా వైపు సంగతి మీకు తెలిసిందే కదా, చుట్టూ చేపల చెరువులు, బోరు వేస్తే ఉప్పు, కాలవ నీళ్ళు చూస్తే తాగబుద్ధి కాదు. ఓపెనింగు రోజు ఊరంతా భోజనాలు. రెండేళ్ళు బ్రహ్మాండం. ఆ తర్వాత మెంబ్రేన్లు, అంటే నీళ్ళు వడకట్టే పొరలు, పోయినయ్యి, అవి రెండు మూడేళ్ళకోసారి మార్చుకోవాల్సిందే, మన నీళ్ళకైతే ఇంకా ముందే. కరెంటు బిల్లు ఎవరు కట్టాలి, ఆపరేటర్ జీతం ఎవరివ్వాలి అనేది మేం అప్పుడు అనుకోలేదు, క్యాను ఐదు రూపాయలు పెడితే అదే నడిచిపోద్ది అనుకున్నాం. నడవలేదు. ఇప్పుడు తాళం వేసుంది, లోపల పిల్లి పిల్లల్ని పెట్టింది.

ఊళ్ళో మా తాత పేరు ఇప్పుడు ఎప్పుడు వినపడుద్దో తెలుసాండీ? "ఆయన ప్లాంటు చెడిపోయింది కదా, పక్కూరు వెళ్ళి తెచ్చుకో" అన్నప్పుడు. పెట్టేటప్పటి ఖర్చు కాదు, ఐదో ఏటి ఖర్చు లెక్కేసుకోండి.

వెటకారం_వెంకట్ (ఆదివారం రాత్రి 10:32)

గుళ్ళో ఫ్యాను ఇచ్చి మూడు రెక్కలకీ మూడు పేర్లు రాయించే జిల్లా మనది. ఫ్యాను తిరిగితే పేరు కనపడదు, పేరు కనపడాలంటే ఫ్యాను ఆపాలి. ఒకాయన రెక్కకి రెండు వైపులా రాయమన్నాడు, పైవైపు ఎవరు చూస్తారండీ అంటే దేవుడు చూస్తాడు అన్నాడు 😀 బస్ షెల్టరు మీద బస్సులు ఆగే ఊళ్ళ పేర్లకి చోటుండదు, తాతల పేర్లకి ఉంటది. ఆ పేర్ల సంగతి నాకు తెలిసినంత ఎవరికీ తెలీదు లెండి.

టీచరమ్మ_పాలకొల్లు (సోమవారం ఉదయం 6:10)

వెంకట్ బాబూ, ఇంట్లో మనిషి పోయి ఐదు రోజులే అయిందన్నాడు ఆ అబ్బాయి, కొంచెం చూసి రాయి.

శీను బాబూ, మా వారు పోయినప్పుడు నేనూ ఇలాగే కొట్టుకున్నాను. ఆయన కళ్ళు ఇచ్చేశాం. ఆరు గంటల్లోపు తీసుకోవాలి అన్నారు, వాళ్ళు వచ్చేదాకా ఫ్యాను ఆపి, రెప్పలు మూసి తడి దూది పెట్టి, తల కింద దిండు ఎత్తుగా పెట్టమన్నారు. పావుగంటా ఇరవై నిమిషాలు, అంతే, మొహం ఏమీ మారలేదు. వచ్చే జన్మలో గుడ్డివాడుగా పుడతాడని మా ఆడబిడ్డ నెలరోజులు నాతో మాట్లాడలేదు. అది వేరే కథ.

తర్వాత ఆయన పనిచేసిన హైస్కూల్లో పదో తరగతి ఫస్టు వచ్చిన పిల్లకి బహుమతి అని 2012లో లక్ష రూపాయలు బ్యాంకులో వేశాను. అప్పుడు వడ్డీ తొమ్మిది శాతం దాకా ఉండేది, ఏడాదికి తొమ్మిది వేలు, ఒక పిల్లకి ఇంటర్ పుస్తకాలు, యూనిఫాం వచ్చేసేవి. 2020కి వచ్చేసరికి వడ్డీ ఐదున్నర అయింది, పుస్తకాల రేట్లు మాత్రం రెట్టింపు. అసలు కదపకుండా వడ్డీతో శాశ్వతంగా అని మనం అనుకుంటాం చూడూ, ఆ శాశ్వతం ఎనిమిదేళ్ళకే సన్నబడిపోయింది నాయనా. ఇప్పుడు నా పెన్షన్లోంచి నెలకి ఐదొందలు పక్కన పెట్టి కలుపుతున్నాను. నా తర్వాత ఎవరు కలుపుతారో మరి.

అందుకని నాలుగు లక్షలూ ఒక్కసారి పోసెయ్యకు, అక్కకైనా సరే.

తణుకు_ఆడిటర్ (సోమవారం ఉదయం 11:05)

శీనుగారూ, కొత్తగా పెట్టాలనుకుంటే ముందు ఇది చదవండి. ట్రస్టు అయితే డీడ్ రాసుకుని సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో రిజిస్టర్ చేయించాలి, సొసైటీ అయితే మన రాష్ట్రంలో 2001 చట్టం కింద కనీసం ఏడుగురు సభ్యులుండాలి. పాన్, బ్యాంకు ఖాతా, ఆపైన ఇన్‌కమ్ టాక్స్ వాళ్ళ దగ్గర రిజిస్ట్రేషనూ 80జీ (ఇచ్చినవాళ్ళకి పన్ను మినహాయింపు వచ్చే అనుమతి), కొత్తవాళ్ళకి మొదట తాత్కాలికంగా మూడేళ్ళకే ఇస్తారు, మళ్ళీ అప్లై చేసుకోవాలి. ఏటా రిటర్ను. పని చేసినా చెయ్యకపోయినా ఈ కాగితాల ఖర్చు ఆగదు. నా దగ్గరకొచ్చే జ్ఞాపకార్థం ట్రస్టుల్లో చాలావాటికి మొదటి ఏడాది బోలెడు రసీదులు, నాలుగో ఏడు వచ్చేసరికి ఖాతాలో ఉండేది మినిమం బ్యాలెన్సు.

ఇచ్చేవాళ్ళకి ఒక మాట. 80జీ ఉంది కదా అని మొత్తం మినహాయింపు వచ్చేస్తదనుకోవద్దు, ఇలాంటి ట్రస్టులకి ఇచ్చినదాంట్లో సగమే, దానికీ మీ ఆదాయాన్ని బట్టి పరిమితి ఉంది. రెండు వేలు దాటి నగదుగా ఇస్తే అసలు రాదు. కొత్త పన్ను విధానంలో ఉంటే ఈ లెక్కే లేదు.

ముఖ్యమైంది ఇంకోటి, అన్నయ్యగారు అమెరికా పాస్‌పోర్టు తీసేసుకున్నారా? తీసుకుంటే ఓసీఐ కార్డున్నా (విదేశీ పౌరులైన మనవాళ్ళకి ఇచ్చేది) సరే ఆయన ఇచ్చేది విదేశీ విరాళం కిందే లెక్క. ఎఫ్‌సీఆర్‌ఏ, అంటే విదేశీ విరాళాల చట్టం కింద రిజిస్ట్రేషన్ లేని ట్రస్టు ఆ డబ్బు ముట్టుకోకూడదు, ఆ రిజిస్ట్రేషన్ రావాలంటే మూడేళ్ళు పనిచేసినట్టు చూపించాలి, వచ్చినా డబ్బు ఢిల్లీ స్టేట్ బ్యాంక్ మెయిన్ బ్రాంచి ఖాతాలోనే పడాలి. ప్రేమగా పంపిన డబ్బు అక్కగారి మెడకి చుట్టుకుంటది, జాగ్రత్త.

కువైట్_సిస్టర్ (సోమవారం మధ్యాహ్నం 2:20)

ఆడిటర్ గారూ నా గుండె ఆగింది. మాది అమలాపురం దగ్గర, నేను ఇక్కడ ఇంటి పనిలో ఉన్నా, పదకొండేళ్ళు. మా అమ్మ జ్ఞాపకార్థ కూడిక ప్రతి ఏడూ పెట్టుకుంటాం చర్చిలో, భోజనాలు పెడతాం, నాలుగేళ్ళ నుంచి భోజనాలు తగ్గించి పక్కూరి వృద్ధాశ్రమానికి బియ్యం డబ్బులు పంపుతున్నా. నాకూ తప్పా అది?

తణుకు_ఆడిటర్ (సోమవారం మధ్యాహ్నం 2:41)

లేదమ్మా, మీది ఇండియా పాస్‌పోర్టే కదా. మన పౌరులు ఏ దేశంలో ఉన్నా సొంత సంపాదన బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కాదు. నిశ్చింతగా పంపండి, రసీదు మాత్రం అడగండి.

కువైట్_సిస్టర్ (సోమవారం మధ్యాహ్నం 2:50)

హమ్మయ్య. శీనన్నా, నేను చెప్పేది ఒకటే, ఆ వృద్ధాశ్రమం పెట్టినాయన వాళ్ళ నాన్న పేరున పెట్టేడు, బోర్డు మీద మా అమ్మ పేరు ఎక్కడా లేదు. కానీ ఆరోజు పొద్దున్నే అక్కడ ఉన్న ముసలమ్మలు ప్రార్థనలో మా అమ్మ పేరు తలుస్తారు, ఫోన్లో వినిపిస్తారు నాకు. ఇక్కడ డ్యూటీలో బాత్రూంలోకెళ్ళి వింటా.

ముమ్మిడివరం_తీరం (సోమవారం రాత్రి 8:30)

అందరూ పేరు వద్దు పేరు వద్దు అంటన్నారు, ఫలకం మీద జోకులేస్తన్నారు. నేనొకటి చెప్తాను, కోపం తెచ్చుకోకండి.

1996 నవంబరు 6 రాత్రి తుపాను మీకు గుర్తుండే ఉంటది. కొబ్బరిచెట్లు పడ్డయ్యి, ఇళ్ళు పోయినయ్యి, అవన్నీ అందరికీ తెలుసు. వేటకెళ్ళినోళ్ళు మాత్రం ఎంతమందో. భైరవపాలెం, బలుసుతిప్ప అటేపు ఊళ్ళకి ఊళ్ళు మగోళ్ళు లేకుండా పోయేయి. మా పెద్దన్నయ్య బోటు రాలేదు. మనిషీ దొరకలేదు. దర్భలతో బొమ్మ చేసి దహనం చేసేం. తర్వాత ఎవరెవరో మంచోళ్ళొచ్చి కాలనీ కట్టేరు, ఇచ్చినోళ్ళ పేర్లు రాళ్ళ మీద చెక్కేరు, మంచిదే, వాళ్ళు ఇల్లిచ్చేరు. కానీ పోయినోడి పేరు ఎక్కడుందండీ? మా వదిన రేషన్ కార్డులో కొట్టేసిన గీత కింద ఉంది.

అందుకే ప్రతి నవంబర్లో నేను రెండు లైఫ్ జాకెట్లు కొని, మా అన్న పేరు మార్కర్‌తో రాసి, కుర్రోళ్ళ బోటుకి ఇస్తాను. ఉప్పునీళ్ళకి ఏడాది తిరక్కుండా ఆ రాత చెరిగిపోద్ది. మళ్ళీ రాస్తాను. శీనుగారి అన్నగారు పేరు అడగడంలో తప్పేం లేదు.

వెటకారం_వెంకట్ (సోమవారం రాత్రి 8:52)

తప్పయిపోయిందండి. నిజంగా.

అమ్మాయి_నాన్న (సోమవారం రాత్రి 11:30)

నేను కూడా మీ అక్కా బావా లాంటోణ్ణే. పేరూ ఊరూ వద్దులెండి. మా అమ్మాయికి ముప్పై రెండేళ్ళకి రొమ్ము క్యాన్సర్, ఆలస్యంగా తెలిసింది. దాని పేరున ఆడవాళ్ళని పరీక్షలకి తీసుకెళ్తాం, ఏడాదికి నాలుగైదు ఊళ్ళు, వ్యాను అద్దె, టిఫిను, మామోగ్రామ్ ఫీజు.

ఇచ్చేవాళ్ళు తెలుసుకోవాల్సింది చెప్తాను. మొదట ఇచ్చేవాళ్ళు మా దుఃఖం చూసి ఇస్తారు. దుఃఖం పాతబడితే డబ్బు ఆగిపోతుంది. మాకేమో అది పాతబడదు కదా. రెండో ఏడు మీటింగులో నేను ఏడవకుండా మాట్లాడితే విరాళాలు తగ్గినయ్యండీ, అబద్ధం కాదు. మూడో ఏడు ఒకాయన "సార్, పాప గురించి ఇంకొంచెం చెప్పండి, జనం కదులుతారు" అన్నాడు. ఆరోజు ఇంటికొచ్చి ఇంక మూసేద్దామన్నాను మా ఆవిడతో. మీ అక్కగారు అడగనంటున్నారంటే నాకు బాగా అర్థమైంది.

వ్యానుకి డీజిల్ ఇస్తామనేవాళ్ళు ఉండరు, వ్యాను కొనిస్తాం పేరు రాయించండి అనేవాళ్ళుంటారు. ఎక్కౌంట్లు రాసే కుర్రాడి జీతానికి ఎవరూ ఇవ్వరు, అదేదో పాపం సొమ్మన్నట్టు చూస్తారు. లెక్కలు రాయకపోతేనేమో తినేశామంటారు. నన్ను నిలబెట్టింది ఒక బ్యాంకు క్లర్కు, ముఖం కూడా సరిగ్గా గుర్తులేదు, ఆరేళ్ళుగా ఒకటో తారీఖున ఐదొందలు పడతాయి. ఆ ఐదొందలు చూసే ఆ నెల క్యాంపు తేదీ వేస్తాను.

బసవతారకం గారు 1985లో క్యాన్సర్‌తో పోతే ఆవిడ పేరున ఆస్పత్రి హైదరాబాదులో తెరుచుకునేసరికి 2000 వచ్చింది. ముఖ్యమంత్రి చేసినాయన తలపెట్టినదానికే పదిహేనేళ్ళు, అది చూడకుండానే 1996లో ఆయనా పోయారు. మామూలు ఇంట్లో మొదలెట్టినవి మూడో ఏటికి రొప్పుతున్నాయంటే వింతేముంది.

కాకినాడ_నర్స్ (మంగళవారం ఉదయం 7:15)

పైన సార్ రాసింది చదివి డ్యూటీకి వెళ్ళబుద్ధి కాలేదు.

శీనుగారూ, ఈత క్లాసుల్లో పిల్లలకీ, రేవులో బట్టలుతికే ఆడవాళ్ళకీ ఇది కూడా చెప్పించండి. మునిగినవాణ్ణి బయటికి లాగగానే మనవాళ్ళు పొట్ట నొక్కుతారు, కాళ్ళు పట్టుకుని గిరగిరా తిప్పుతారు. వద్దు. ఊపిరి ఆడకపోతే ముందు నోట్లోకి ఊపిరి ఊదాలి, తర్వాత ఛాతీ మధ్యలో నొక్కాలి, ముప్పై నొక్కులకి రెండు ఊపిరులు, నిమిషానికి 100 నుంచి 120 నొక్కుల వేగం, ఆపకుండా, ఈలోపు ఒకళ్ళు 108కి చెయ్యాలి. ఇంకోటి, ఈత రానివాళ్ళు దూకకూడదు, తాడో గెడో లేకపోతే చీరో విసరాలి. ఒకణ్ణి తీయబోయి ముగ్గురు పోవడం మా క్యాజువాలిటీలో ఎన్నిసార్లు చూశానో.

డౌటు: మీ అక్క క్లాసులు ఎప్పుడు పెడతారు? వేసవిలో కాలవలకి నీళ్ళు కట్టేస్తారు కదా?

రాజోలు_శీను (మంగళవారం రాత్రి 9:05)

మంచి ప్రశ్నండి, అసలు కథంతా అక్కడే ఉంది. స్కూళ్ళకి సెలవులిచ్చేదీ కాలవలు కట్టేసేదీ ఒకేసారి. కాలవలో నీళ్ళుండవు, మంచినీళ్ళ చెరువులో దిగనివ్వరు, ఎండకి పిల్లలు నేరుగా గోదాట్లోకి పోతారు. అక్కడ ఇసుక తీసిన గుంతలు పైకి కనపడవు, మోకాలి లోతు అనుకుని అడుగేస్తే మనిషి లోతు. మావాడు పోయింది అలాగే. బావ వాళ్ళు ఒక రైతుని బతిమాలి చేపలు పట్టేసిన చెరువు నెలన్నర తీసుకుంటారు, శుభ్రం చేయించి నీళ్ళు పెట్టిస్తారు, ఇద్దరు మత్స్యకార కుర్రోళ్ళకి రోజు కూలి, పిల్లలకి మజ్జిగా అరటిపండూ. మొత్తం అరవై వేల లోపు. ట్యూబులు ఎండకి పగిలిపోతాయి, తాళ్ళు ఎవరో గేదెలకి కట్టుకుపోతారు, అవి ఏటా కొనాల్సిందే.

అమ్మాయి_నాన్న గారూ, మీరు రాసింది అక్కకి చదివి వినిపించేను. ఏమీ అనలేదు. ఫోన్ తీసుకుని మళ్ళీ తనే చదువుకుంది.

లంకల_గన్నవరం (మంగళవారం రాత్రి 9:40)

మా ఊరి డొక్కా సీతమ్మగారు ఏ ట్రస్టు పెట్టి, ఏ ఫలకం వేసి అన్నం పెట్టేరండీ? 1909లో పోయిన మనిషిని ఇవాళ్టికీ తలుచుకుంటున్నాం.

టీచరమ్మ_పాలకొల్లు (బుధవారం ఉదయం 5:55)

నిజమే బాబూ, కానీ ఆవిడ భూములున్న ఇల్లాలు, పెట్టీ పెట్టీ ఆ భూములూ కరిగిపోయాయని మా పెద్దవాళ్ళు చెప్పేవారు. అప్పుడు పక్కనుంచి పదిమంది తలో బస్తా వేసుంటే కరిగేవా? మీ ఊరి కొత్త అక్విడెక్టుకి (గోదారి పాయ మీదుగా కాలవని దాటించే కట్టడం) ఆవిడ పేరు పెట్టుకున్నాం, బాగుంది. బతికున్నప్పుడు బస్తా వెయ్యడం గురించే కదా ఇప్పుడు మాట్లాడుకుంటున్నది.

నిర్వాహకుడు (బుధవారం ఉదయం 10:00)

కొందరు అక్కగారి ఖాతా నంబరు, ఫోన్ నంబరు ఇక్కడ పెట్టమంటున్నారు. దయచేసి బహిరంగంగా పెట్టకండి, ఇదివరకు ఒకసారి చనిపోయిన పిల్లాడి ఫొటోతో దొంగ క్యూఆర్ కోడ్ తిప్పారు. శీనుగారికి విడిగా మెసేజ్ పెట్టి, ట్రస్టు పాన్, రసీదు చూసుకుని ఇవ్వండి.

రాజోలు_శీను (తర్వాతి బుధవారం రాత్రి 10:20)

పెద్దకర్మ అయిపోయిందండి. అందరికీ చెప్పాలి కదా ఏం తేల్చుకున్నామో.

అన్నయ్యది అమెరికా పాస్‌పోర్టే. ఆడిటర్ గారు రాసింది చూపిస్తే మొదట కొట్టిపారేసేడు, తర్వాత ఎవరికో ఫోన్ చేసి కనుక్కుని చల్లబడ్డాడు. వాడి వాటా కర్మ ఖర్చులకీ, అమ్మ మందులకీ పక్కన పెట్టేం. నా రెండు లక్షలు నా పేరునే బ్యాంకులో వేసి, నెలకి నాలుగు వేలు ట్రస్టుకి వెళ్ళేలా పెట్టేను. నాలుగేళ్ళ పైచిలుకు వస్తది. లెక్కలు రాయడానికి నేనే శనివారం శనివారం కూర్చుంటానన్నాను, డిగ్రీలో కామర్స్ చదివినందుకు ఇన్నాళ్ళకి పనికొచ్చింది.

పేరు సంగతి అమ్మ తేల్చింది. భోజనాలయ్యాక అందరం వసారాలో కూచుంటే ఉన్నట్టుండి నవ్వింది, "మీ నాన్నకి ఈతే రాదురా" అంది. ఏభై ఏళ్ళు గోదారి గట్టున బతికినాయన, సఖినేటిపల్లి రేవులో పంటు ఎక్కి నర్సాపురం వెళ్ళాలంటే మధ్యలో మోటార్ సైకిళ్ళ సందులో నుంచుని కమ్మీ పట్టుకుని, అవతలి ఒడ్డు వచ్చేదాకా మాట్టాడేవారు కాదంట. మాకెప్పుడూ తెలీనివ్వలేదు, మేం అడిగితే జలుబండీ అని తప్పించుకునేవారు. అన్నయ్య కూడా నవ్వేసేడు. అక్క మాత్రం "అయితే బాబాయి పేరు రేవులో ఉండాల్సిందే" అంది. కొడుకు పేరు పక్కన ట్యూబు మీద రాయిద్దామంది. దానంతట అది అడిగింది ఈ ఆరేళ్ళలో అదొక్కటే.

నర్స్ గారూ, మీరు చెప్పినవి బోర్డు మీద రాయిస్తాం. ఎవరన్నా మంచి పెయింటర్ తెలిస్తే చెప్పండి, రబ్బరు మీద రాసేవాళ్ళు.

వెటకారం_వెంకట్ (తర్వాతి బుధవారం రాత్రి 10:41)

శీనుగారూ, రబ్బరు మీద ఏ పెయింటూ నిలవదు, ట్యూబు నొక్కితే పెచ్చులూడిపోద్ది. ట్యూబు తగిలించే స్తంభానికి రేకు కొట్టించండి, పసుపు మీద నల్లరంగు ఎనామిల్, అడ్డంగా వద్దు, నిలువుగా రాస్తే పడవలోంచి కూడా కనపడద్ది. నాది సైన్ బోర్డుల పనే, కొత్తపేటలో. ఆ ఫ్యాను రెక్కలు కూడా నేను రాసినవే. ఆదివారం వస్తాను, రేకులు నాలుగా ఐదా చెప్పండి.